తొమ్మిది లక్షల కిలోలకు ఒక్క గ్రాము

ఎకరం చేలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. భూసార పరీక్షా కేంద్రంలో సేంద్రియ కర్బనం తేల్చడానికి వాడేది అందులో ఒక్క గ్రాము. యంత్రం ఎంత ఖరీదైనదైనా తన దగ్గరికొచ్చిన మట్టినే కొలుస్తుంది. అది చేనంతటికీ ప్రతినిధో కాదో తేలిపోయేది మట్టి తీసినవారి చేతిలోనే.

సముద్రం ఒడ్డున ఉన్న ఉప్పలగుప్తం మండలంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. దాళ్వా కోతలయ్యాక ఎండలకు నేలలోని తేమ పైకెక్కి ఆవిరైపోతుంది, అది మోసుకొచ్చిన ఉప్పు మాత్రం పైన తెల్లగా పేరుకుంటుంది. ఎస్.యానాం లాంటి తీర గ్రామంలో ఆ పొరను గీకి పంపితే, చేనంతా చౌడేనన్నట్టు ఫలితం వస్తుంది. నాలుగు మంచి వానలు పడి ఉప్పు కిందికి దిగాక తీస్తే అంకె వేరు. అందుకే ‘వి’ ఆకారంలో గుంట తవ్వి, దాని గోడ నుంచి పై అంచు మొదలు 15 సెంటీమీటర్ల లోతు దాకా ఒకే మందాన మట్టి తీయాలి. చేలో పది పదిహేను చోట్ల ఇలాగే చేయాలి. రొయ్యల చెరువు గట్టు పక్కన ఉప్పునీటి ఊట దిగే మడి ఉంటే దాని మట్టి వేరుగా పంపాలి. రెంటినీ కలిపితే వచ్చే సగటు ఏ మడికీ పనికిరాదు.

తీసిన మట్టిని శుభ్రమైన పట్టా మీద కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు ఉంచుకుని మిగతావి పారబోయాలి. అర కిలో మిగిలేదాకా ఇదే పని. కుప్పలోంచి పిడికెడు తీసుకుంటే చాలదా? చాలదు. సన్నమట్టి అడుగుకు జారుతుంది, పెడ్డలు పైన మిగులుతాయి, చేతికి అవే వస్తాయి.

మట్టిని నీడలోనే ఆరబెట్టాలి. తర్వాత కొయ్య సుత్తితో నలిపి 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. జల్లెడలో మిగిలిన రాళ్లు, వేళ్లు పారేయవచ్చు గానీ పెడ్డలు పారేయకూడదు, అవీ చేనే. మళ్లీ నలపాలి. కర్బనం పరీక్షకు ఇంకా మెత్తగా నూరాలి, ఎందుకంటే గ్రాములో ఒక్క ముతక రేణువు పడినా లెక్క తప్పుతుంది.

జింకు లోపం చూపించుకోవాలంటే జింకు పూత ఉన్న ఇనుప బకెట్లో మట్టి కలపకండి, ప్లాస్టిక్ బకెట్ వాడండి. ఎరువుల సంచిలోనూ పోయకండి. సంచిలో వేసే చీటీ మీద పెన్సిల్‌తో రాయండి. సిరా తడికి అలుక్కుపోతుంది.