అతిథి ఎవరు? చుట్టం ఎవరు?

పుంగనూరు నుంచి ఒక సహోదరి ప్రశ్న పంపించారు. "బ్రదర్, మా ఇంటికి పాస్టరుగారు వస్తారు, చుట్టాలు వస్తారు, కోడి కోసి పెడతాం. బైబిలు చెప్పే ఆతిథ్యం మేము చేస్తున్నట్టేనా?" అవునమ్మా అనేసి ముగించవచ్చు. కానీ వాక్యం చూస్తే మనల్ని అంత తేలిగ్గా వదిలేటట్టు లేదు.

ముందు మాట అర్థం చూద్దాం. రోమా పత్రిక 12వ అధ్యాయంలోనూ, హెబ్రీ పత్రిక 13వ అధ్యాయంలోనూ ఆతిథ్యం అని ఉన్నచోట గ్రీకులో ఉన్న మాట ఫిలోక్సెనియా. అంటే పరాయివాడి మీద ప్రేమ. మన తెలుగు మాట కూడా అటే చూపిస్తుంది. తిథి చెప్పకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు చెప్తారు కదా. ముందుగా ఫోను చేసి వచ్చే బావగారు చుట్టం. ఆయనకు పెట్టడం మంచిదే, పెట్టండి. రేపు ఆయన మనకు పెడతారు, లెక్క సరిపోతుంది. ఆ లెక్క గురించే లూకా 14లో యేసు మాట్లాడాడు. తిరిగి పిలవగలిగినవాళ్లను కాకుండా బీదలను, అంగహీనులను పిలవమన్నాడు. ఆ మాట ఎక్కడ అన్నాడో గమనించారా? తనను భోజనానికి పిలిచిన పరిసయ్యుని ఇంట్లో, ఆ ఇంటాయనతోనే!

ఇక మన దగ్గర పరాయివాడు అంటే ఊరు తెలియనివాడు మాత్రమేనా? మన ఊళ్లలో పుట్టినప్పటినుంచీ తెలిసిన మనిషిని కూడా గడప బయటే నిలబెట్టి, చేతికి ఎత్తి నీళ్లు పోసిన అలవాటు ఉంది. వేరే గ్లాసు పెట్టిన టీ అంగళ్లు ఉన్నాయి. ఇది సంఘంలోకి రాలేదని అనలేం. 1850లో మద్రాసు మిషనరీల సమావేశం ఈ సంగతి మీదే తీర్మానం చేసింది. కులం విడిచానని నోటితో చెప్తే చాలదు, తక్కువ కులంవాళ్లు వండింది తిని చూపించాలి అన్నారు. కొందరు మిషనరీలు ఒప్పుకోలేదు కూడా. ఆ తర్వాత మూడేళ్లకు ఏర్పడిన ఆర్కాటు మిషన్, 1863లో జేకబ్ చాంబర్లేన్ గారితో మదనపల్లెకు వచ్చింది. అంటే మన ప్రాంతంలో సంఘం మొదలవకముందే బువ్వ దగ్గర ఈ తగువు ఉంది. పెట్టడంలో మనం పైన ఉంటాం. తినడంలో ఎదుటివాడి చేతి కిందికి వెళ్తాం. అందుకే చాలామందికి పెట్టడం సులువు, వాళ్లింట తినడం కష్టం. జక్కయ్య విషయంలో యేసు చేసింది ఈ కష్టమైన పనే. నేను నీ ఇంటికి వస్తానన్నాడు.

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. అక్కడి క్షయ ఆసుపత్రిని కొన్ని మిషన్లు కలిసి నడిపాయి. 1912లో మొదలై, 1915లో ఇప్పుడున్న చోటికి వచ్చింది. మొదటి పెద్ద డాక్టరు డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ గారు. అప్పటికి క్షయను చంపే మందు లేదు, స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1940లలో. ఊపిరితిత్తికి విశ్రాంతినిచ్చే సూది పద్ధతులు ఉన్నా, ముఖ్యంగా చేసింది ఏమిటి? మంచి గాలిలో మంచం వేశారు, వేళకు బలమైన తిండి పెట్టారు, నెలల తరబడి ఉండనిచ్చారు. దగ్గు వింటేనే జనం దూరం జరిగే రోజుల్లో, ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లకో చోటిచ్చి అన్నం పెట్టడమే సగం వైద్యం. హాస్పిటల్, హాస్పిటాలిటీ రెండూ ఒకే లాటిన్ వేరు నుంచి వచ్చాయంటే నాకు ఆరోగ్యవరమే గుర్తొస్తుంది.

మరి ఇంట్లో ఎలా? ఆదికాండము 18లో అబ్రాహాము కొంచెం రొట్టె తెస్తానని చెప్పి, దూడనే వండించాడు. శారమ్మను పిండి పిసకమన్నాడు, నిజమే. కానీ తానూ మందలోకి పరుగెత్తాడు, వాళ్లు తింటుంటే దగ్గర నిలబడ్డాడు. మన మగవాళ్లు సగమే పాటిస్తాం. రాత్రి తొమ్మిదికి నలుగురిని వెంటబెట్టుకొచ్చి, "ఏమే, అన్నం పెట్టు" అంటాం. పేతురు సణగకుండా ఆతిథ్యం చేయమన్నాడు కాబట్టి ఆమె సణగకూడదని ప్రసంగం కూడా చేస్తాం. ఆ సణుగుడికి కారణం మనమే అయినప్పుడు వాక్యం ఎవరికి తగలాలి? పిలిచినవాళ్లే ఉల్లిగడ్డలు తరగండి, గిన్నెలు కడగండి.

కోడి అవసరం లేదు. రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి ఉంటే చాలు. సారెపతు విధవరాలి దగ్గర తొట్టిలో పట్టెడు పిండే ఉంది. ఒంటరిగా ఉండే అక్కచెల్లెళ్లు తెలియనివాళ్లను రాత్రిపూట ఇంట్లోకి రానివ్వమని నేను చెప్పడం లేదు. అలాంటప్పుడు సంఘంలో నలుగురు కలిసి చర్చి ఆవరణలో చేయండి. టమోటా సీజనులో మండీకి వచ్చే వేరే రాష్ట్రాల లారీ డ్రైవర్లు, హమాలీలు రోజుల తరబడి అక్కడే ఉంటారు. వాళ్లలో ఇద్దరిని ఈ ఆదివారం పిలిచి, మీ వరసలోనే, మీరు తినే ప్లేట్లలోనే పెట్టండి. వచ్చే నెల మీ వీధి ఊడ్చే అమ్మ ఇంటికి మీరే వెళ్లి, ఆమె పెట్టింది తిని రండి.

వచ్చే ఎపిసోడ్‌లో మూడవ యోహాను పత్రికలోని గాయు గురించి చూద్దాం. ఆయన పరాయి సహోదరులను చేర్చుకున్నాడు, అదే పత్రికలో దియొత్రెఫే అనే ఇంకొకాయన చేర్చుకునేవాళ్లను అడ్డుకున్నాడు. చదువుకుని రండి.