నిలిపిన విమానానికీ గాలి గండం

బెంగాల్, ఒడిశాలలో వేసవి ఈదురుగాలులు, తూర్పు తీరంలో తుపానులు ఏటా తప్పనివే. అటువంటి వేళల్లో విమానాశ్రయాలలో ఆరుబయట నిలిపిన చిన్న శిక్షణ విమానాలకు ముప్పు అధికం.

నాలుగు సీట్ల సెస్నా 172 ఖాళీ బరువు సుమారు 750 కిలోలే. రన్‌వేపై గంటకు దాదాపు 100 కిలోమీటర్ల వేగం అందుకోగానే అది నేల విడుస్తుంది. విమానం ముందుకు సాగినా, గాలే ఎదురు వచ్చినా రెక్కలకు ఒక్కటే. భారత వాతావరణ శాఖ లెక్కలో తీవ్ర తుపాను గాలుల వేగం గంటకు 89 నుంచి 117 కిలోమీటర్లు. గాలి వేగం రెట్టింపయితే రెక్కలను పైకెత్తే బలం నాలుగు రెట్లవుతుంది.

అందువల్ల విమానం ముక్కును గాలి వచ్చే దిక్కుకు తిప్పి, రెండు రెక్కలను, తోకను నేలలో పాతిన కొక్కేలకు కట్టాలి. నార తాడు తడిస్తే కుంచించుకుపోయి విమానాన్ని వంచగలదు గనుక నైలాన్ తాడు మేలు. మరీ వదులైతే కుదుపులకు తాడే తెగవచ్చు. చక్రాలకు ముందు వెనుకల దిమ్మెలు పెట్టి, చుక్కాని వంటి కదిలే భాగాలను బిగించాలి.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం విమానాశ్రయ టెర్మినల్‌నే ధ్వంసం చేసింది. అంతటి గాలికి తాళ్లు ఆగవు. తుపాను హెచ్చరిక ముందుగా అందుతుంది గనుక విమానాన్ని వేరే ఊరికి తరలించడమే క్షేమం. వేసవి ఈదురుగాలి అంత వ్యవధి ఇవ్వదు. దానికి విరుగుడు ప్రతి సాయంత్రం తప్పక కట్టే తాడే.