గ్యాసు లేని ఇంట్లో వెచ్చదనం ఎలా?

మనకు చలికాలం తెల్లవారుజామున దుప్పటి ముసుగు పెట్టుకుంటే చాలు. కాసేపటికి ఎండ వస్తుంది, చలి పోతుంది. లండన్ నగరంలో అలా కుదరదు. జనవరిలో అక్కడ పట్టపగలు కూడా ఉష్ణోగ్రత తరచు 10 డిగ్రీల లోపే ఉంటుంది. ఇల్లు వెచ్చగా లేకపోతే ముసలివారికి, పసిపిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది. అందుకని అక్కడ చాలా ఇళ్ళలో గ్యాసు మండించి నీళ్ళు కాచి, ఆ వేడినీటిని గొట్టాల ద్వారా గదులన్నిటికీ పంపుతారు.

కాని కొన్ని ఎత్తైన భవనాలలో గ్యాసు లేదు. ఎందుకో తెలుసా? తూర్పు లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనం ఉండేది. 1968 మే 16న తెల్లవారుజామున 18వ అంతస్తులో ఒకామె టీ కాచుకుందామని అగ్గిపుల్ల గీసింది. స్టవ్వు గొట్టం అతుకు దగ్గర కారిన గ్యాసు ఒక్కసారిగా పేలింది. గోడ పలకలు ఊడి, భవనం ఒక మూలంతా పైనుంచి కిందిదాకా పేకమేడలా కూలింది. నలుగురు చనిపోయారు. ఆ తరువాత అలా పలకలతో కట్టిన భవనాలలో చాలావాటికి గ్యాసు తీసివేశారు. ఇక మిగిలింది విద్యుత్తు.

మీరే అటువంటి ఫ్లాట్‌లో ఉన్నారనుకోండి. హీటరు కొనడానికి దుకాణానికి వెళ్ళారు. ఒకటి చవకది, ఇంకొకటి చూడముచ్చటైన ఖరీదైనది. “ఇది తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇస్తుంది” అంటాడు అమ్మేవాడు. నమ్మవచ్చా?

తీగలో కరెంటు పారితే ఎంత వేడి పుడుతుందో 1840 ప్రాంతంలోనే జౌల్ అనే శాస్త్రజ్ఞుడు కొలిచి చూపాడు. ఒక యూనిట్ విద్యుత్తు నుంచి 3,600 కిలోజౌళ్ళ వేడి వస్తుంది. దానితో 10 లీటర్ల నీటిని సుమారు 86 డిగ్రీల మేర వేడి చేయవచ్చు. తీగ చుట్ట ఉన్న హీటరు ఏదైనా సరే, యూనిట్‌కు ఇచ్చేది ఇంతే. దానిలోని ఫ్యాను గాలి, తీగ ఎర్రని వెలుగు కూడా చివరికి గోడలకు తగిలి వేడిగానే మారతాయి. కనుక ఖరీదైన హీటరు చూపుకు బాగుండవచ్చు, గదిని సమంగా వెచ్చబెట్టవచ్చు. యూనిట్‌కు ఎక్కువ వేడి మాత్రం ఇవ్వలేదు.

అయితే ఖర్చు తగ్గే దారే లేదా? రెండు దారులున్నాయి.

మొదటిది, కరెంటును చవకగా దొరికే వేళ కొనడం. రాత్రివేళ జనం నిద్రపోతారు, విద్యుత్ వాడకం తగ్గుతుంది. అందుకే బ్రిటన్‌లో 1978 నుంచి రాత్రి ఏడు గంటలపాటు తక్కువ ధరకు కరెంటు ఇచ్చే పద్ధతి ఒకటి వచ్చింది. కాని వేడి కావలసింది పగలు కదా! వేసవిలో మన డాబాను గుర్తు తెచ్చుకోండి. పగలంతా ఎండకు కాగి, రాత్రి పక్క వేసుకోబోతే సెగలు కక్కుతుంది. వేడిని దాచే హీటరు దీనికి తలకిందులు. దానిలో బరువైన ఇటుకలుంటాయి. రాత్రి వాటిని కొన్ని వందల డిగ్రీల దాకా వేడి చేస్తే, పగలంతా మెల్లగా వేడిని వదులుతాయి. 100 కిలోల ఇటుకలను 600 డిగ్రీల మేర వేడి చేస్తే సుమారు 15 యూనిట్ల వేడి నిలవ ఉంటుంది. లోపమేమిటంటే, రేపు ఎంత చలి వేస్తుందో ఈ రాత్రే ఊహించాలి. సాయంత్రానికి ఇటుకలు చల్లారిపోనూవచ్చు.

రెండవది, వేడిని పుట్టించకుండా బయటినుంచి మోసుకురావడం. ఇదే హీట్ పంపు. దీని ఊహను 1852లో విలియం థామ్సన్ చెప్పాడు. లార్డ్ కెల్విన్ అని మనం చదువుకునేది ఆయననే. బయట గాలి 5 డిగ్రీలుంటే మనకు వణుకు. కాని ప్రొపేన్ వంటి ద్రవం మైనస్ 42 డిగ్రీలకే మరుగుతుంది. దానికి ఆ గాలి పొయ్యి లాంటిది! బయట ఉన్న గొట్టంలో ద్రవం గాలి వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది. ఆ ఆవిరిని యంత్రం గట్టిగా నొక్కుతుంది. సైకిలు పంపు కొడితే అడుగున వేడెక్కినట్లే అదీ వేడెక్కుతుంది. ఇంట్లోని గొట్టంలోకి వచ్చి, వేడిని గదికి ఇచ్చి, మళ్ళీ ద్రవమవుతుంది.

ఇలా ఒక యూనిట్ కరెంటు ఖర్చుతో దాదాపు మూడు యూనిట్ల వేడి ఇంట్లోకి వస్తుంది. “శక్తిని సృష్టించలేమంటారే, మరి ఒకటికి మూడు ఎలా?” అని మీకు సందేహం రావాలి. కరెంటు నుంచి వచ్చింది ఒకటే. మిగిలిన రెండూ బయటి గాలి ఇచ్చినవి. బయట చలి ముదిరితే ఈ లాభం తగ్గుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. గదికి రోజుకు 10 యూనిట్ల వేడి కావాలి. యూనిట్ ధర పగలు 30 పెన్నీలు, రాత్రి 15 పెన్నీలు అనుకుందాం. మామూలు హీటరుకు రోజుకు 3 పౌండ్లవుతుంది. ఇటుకల హీటరుకు ఒకటిన్నర పౌండ్లు. హీట్ పంపుకు పగటి కరెంటుతోనే దాదాపు 1 పౌండు. కాని హీట్ పంపు కొనడానికి, అమర్చడానికి చాలా ఖర్చవుతుంది. ఫ్లాట్ బయటి గోడకు దాని పెట్టె బిగించాలంటే భవనం యజమాని అనుమతి కావాలి. కాబట్టి కాసేపే వాడే స్నానాల గదికి చవక హీటరే మేలు. రోజంతా మనుషులుండే గదికి మిగిలిన రెండింటిలో ఒకటి మేలు.

అన్నిటికన్నా ముందు చేయవలసింది కిటికీ సందులు మూయడం. చిల్లుకుండలో ఎన్ని నీళ్ళు పోస్తే ఏం లాభం?

హీట్ పంపును చూడాలంటే లండన్ వెళ్ళనక్కరలేదు. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో, దాని పక్కన లేదా వెనుక, తాకకుండా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. వెచ్చగా ఉంటుంది. లోపలి కూరగాయల నుంచి తోడిన వేడి కూడా అందులో ఉంది. ఇకమీదట ఎవరైనా “తక్కువ కరెంటు, ఎక్కువ వేడి” అంటే ఒకే ప్రశ్న వేయండి: “ఆ ఎక్కువ వేడి ఎక్కడి నుంచి వస్తోంది?”