కదిపినకొలది గట్టిపడు ద్రవములు

గడ్డపెరుగును కవ్వముతో చిలికినచో పలుచబడును. ఆముదమును మెల్లగా కలియబెట్టినను, వేగముగా కలియబెట్టినను దాని చిక్కదనము మారదు. ఈ రెండును మన యిండ్లలో నిత్యము చూచుచున్నవే. వీనికి భిన్నమైన మూడవ తెగ ద్రవములు కొన్ని కలవు. అవి మెల్లగా కదపిన నీటివలె ఒదిగియుండును. తొందరపెట్టిన రాయివలె బిగిసికొనును. ఈ వింత నడవడికి కారణమేమో, ఇట్టి ద్రవములను ఎట్లు తయారుచేయుదురో ఇచట వివరింపదలచితిమి.

ద్రవము ప్రవహించునపుడు దాని పొరలు ఒకదానిపై నొకటి జారుచుండును. ఆ జారుటకు కలుగు అడ్డును స్నిగ్ధత అందురు. పొరలు ఎంత వేగముగా ఒకదానినుండి ఒకటి విడివడునో, అవరోధమును అంతకు అనుపాతముగనే పెరుగునని న్యూటన్ 1687లో వెలువడిన ‘ప్రిన్సిపియా’ గ్రంథమున ప్రతిపాదించెను. నీరు, ఆముదము ఈ నియమమునకు లోబడును. మన మూడవ తెగ లోబడదు.

దీనిని చూడగోరువారికి ప్రయోగశాల అక్కరలేదు. అంగడిలో కార్న్‌ఫ్లోర్ అను పేర అమ్ము తెల్లని మెత్తని పిండి చాలును. ఇది మొక్కజొన్న గింజలనుండి పిండిపదార్థమును మాత్రము వేరుచేసి ఆరబెట్టినది. గింజలను మరపట్టించిన పచ్చని పిండి పనికిరాదు. గోధుమపిండియు పనికిరాదు, దానిలోని జిగురు ముద్దకట్టించును. ఒక గిన్నెడు చన్నీటిలో, అదే గిన్నెతో ఒకటిన్నర మొదలు రెండు గిన్నెల వరకు పిండిని కొద్దికొద్దిగా పోయుచు వ్రేళ్ళతో మెల్లగా కలుపవలెను. త్వరగా కలుపబోయినపుడు చేయి సాగకున్నచో పిండి చాలినదని గురుతు. ఇక పిడికిలితో గ్రుద్దిన బల్లను గ్రుద్దినట్లుండును. వ్రేలు నెమ్మదిగా దింపిన అడుగువరకు దిగును. ఆ వ్రేలిని దిగ్గున లాగబోయిన పిండి పట్టుకొనును, మెల్లగా తీసిన విడిచిపెట్టును. అరచేతుల నడుమ చుట్టుచున్నంతసేపు ఉండవలె నిలిచి, చుట్టుట మానినంతనే వ్రేళ్ళసందులనుండి కారిపోవును. పిల్లలకు ఇంత చౌకయైన వినోదము మరియొకటి కానరాదు.

దీనిని పొయ్యిమీద మాత్రము పెట్టరాదు. బట్టలకు పెట్టు గంజిలోనిదియు పిండిపదార్థమే కదా యని కొందరు తలపవచ్చును. కాని వేడినీటిలో పిండి రేణువులు నీరు పీల్చి, ఉబ్బి, పగులును. అంతటితో ఈ గుణము నశించును. రేణువులు కరగక, పగులక, గట్టిగా నుండుట ముఖ్యము.

మొక్కజొన్న పిండి రేణువు మిల్లీమీటరులో వందవ వంతు ప్రాంతమున ఉండును. మన గిన్నెలో ఇట్టివి లెక్కకు మించి కిక్కిరిసియున్నవి. ఒకదానికొకటి అంటకుండ నడుమ పలుచని నీటిపొర యున్నది. గ్రుద్దినపుడు నీరు మారదు, రేణువు మారదు. మారునది వాని నడుమనున్న ఎడము.

కిక్కిరిసిన రేణువుల తీరును 1885లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆస్‌బర్న్ రేనాల్డ్స్ చక్కగా గమనించెను. సముద్రపుటొడ్డున తడి ఇసుకపై అడుగువేసిన, పాదము చుట్టును క్షణకాలము ఇసుక పొడిబారినట్లగపడును. ఇసుక రేణువులు ఒకదానినొకటి దాటిపోవలెనన్న ఎడముగా జరుగక తప్పదు. అందువలన ఇసుక ఉబ్బును, పైనున్న నీరు ఆ సందులలోనికి దిగిపోవును. అయితే మెల్లగా కదపిన లేని బిగువు వేగమున ఏల కలుగునను ప్రశ్న ఇంతటితో తీరలేదు. 1972లో అమెరికాలో హాఫ్‌మన్, వరుసలుగా సాగు రేణువులు వేగము మించినపుడు వరుస తప్పి చిక్కుపడునని చెప్పెను. 1985లో బ్రేడీ, బోసీ అనువారు నడుమనున్న ద్రవముయొక్క ఒత్తిడివలన రేణువులు గుంపులు కట్టునని గణించి చూపిరి. 2013, 2014 సంవత్సరములలో వెలువడిన పరిశోధనలు ఘర్షణకు ప్రాధాన్యమిచ్చినవి. ఈ చివరి వివరణయే మాకు మిక్కిలి సంతృప్తికరముగా తోచుచున్నది.

తిరునాళ్ళలో గుడి వాకిటి జనమును తలచుకొనుడు. అందరును నెమ్మదిగా నడచునపుడు మనిషికి మనిషికి బెత్తెడు ఎడముండును, వరుస సాగును. వెనుకనుండి ఒక్కుమ్మడిగా త్రోసినచో భుజములు ఒరసికొని ఎవ్వరును కదలలేరు. రేణువులును ఇంతే. వానిని ఎడముగా నుంచు వికర్షణబలము స్వల్పమైనది. ఒత్తిడి దానిని మించినంతనే రేణువులు నేరుగా తాకి ఒరసికొనును. ఒరపిడి గొలుసులుగా అల్లుకొని మిశ్రమమంతయు బిగియును. ఒత్తిడి తొలగిన ఎడము మరల ఏర్పడి, ద్రవము మరల ద్రవమగును. 2012లో షికాగో విశ్వవిద్యాలయమున వైటుకైటిస్, యేగర్ అనువారు పిండినీటిపై లోహపు కడ్డీని వేగముగా మోది పరీక్షించిరి. పార ముందు ఇసుక పోగుపడునట్లు, కడ్డీ క్రింద బిగిసిన ముద్దయొకటి పెరుగుచు పోవుట వారు కనుగొనిరి.

తయారీలోని నేర్పంతయు పాలు సరిచూచుటలో నున్నది. రేణువులు తక్కువైన గుణము కనబడదు. మిక్కిలి ఎక్కువైన అసలే ప్రవహింపదు. కర్మాగారములలో ఈ గుణము తరచు శత్రువే. చిక్కని పూతలను, రేణువులు నిండిన ముద్దలను వేగముగా గొట్టములలో పంపునపుడు అవి హఠాత్తుగా బిగిసి, గొట్టమును పూడ్చును, కలుపు యంత్రములను చెరచును. అచట వేగము తగ్గించుటయే ఉపాయము. ఇంకను బలముగా త్రోసిన ఇంకను బిగియును.

ఈ గుణమునే రక్షణకు వాడుకొన్నవారును కలరు. అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయమువారు, ఆ దేశపు సైనిక పరిశోధనశాలవారు కలిసి 2003లో ప్రకటించిన పరిశోధన ఇట్టిది. వారు పిండికి బదులు సుమారు 450 నానోమీటర్ల సిలికా గోళములను తీసికొనిరి. ఒకే పరిమాణము గల ఇట్టి గోళములను ఆల్కహాలులో అమ్మోనియా సాయమున పెంచు పద్ధతిని స్టోబర్, ఫింక్, బోన్ అనువారు 1968లోనే ప్రకటించిరి. నీటికి బదులు తొందరగా ఆరిపోని ఎథిలీన్ గ్లైకాల్‌ను వాడిరి. ఆ మిశ్రమమును ఆల్కహాలుతో పలుచన చేసి, కెవ్లార్ అను గట్టి వస్త్రమును అందు ముంచి, పిడిచి, ఆల్కహాలు పోవునట్లు ఆరబెట్టిరి. వస్త్రము చేతికి మెత్తగనే యుండును. గుండు తగిలిన క్షణమున నూలుపోగులు తొలగిపోనీయక బిగియును. అదే బరువుగల మామూలు వస్త్రపు దొంతరకంటె ఇది పలుచగను, సులభముగా వంగునదిగను ఉండెనని వారు చూపిరి.

మన వంటయింటి మిశ్రమము నిలువయుంచిన పిండి అడుగున పేరుకొనును, మరల కలుపుకొనవలెను. పని ముగిసిన పిదప దానిని తొట్టి తూములో పోయరాదు. అచట పేరుకొన్న పిండి నీటిదారిని మూసివేయును. వెడల్పు పళ్ళెములో ఎండబెట్టి, పొడిగానైన పిదప పారవేయవచ్చును.