ఐపీటేబుల్స్

ఐపీటేబుల్స్ అనేది లినక్స్ కెర్నెల్‌లోని నెట్‌ఫిల్టర్ వ్యవస్థకు నియమాలను అందించే ఆదేశము. కంప్యూటరుకు వచ్చే, దాని నుండి వెళ్ళే, దాని గుండా సాగే ప్యాకెట్లలో వేటిని అనుమతించాలో, వేటిని నిరోధించాలో ఈ నియమాలు నిర్ణయిస్తాయి. ఇటువంటి రక్షణ ఏర్పాటును ఫైర్‌వాల్ అంటారు.

చరిత్ర

నెట్‌ఫిల్టర్ ప్రాజెక్టును 1998లో రస్టీ రస్సెల్ ప్రారంభించాడు. 2001 జనవరిలో విడుదలైన లినక్స్ 2.4తో, అంతకు ముందున్న ఐపీచెయిన్స్ స్థానంలోకి ఐపీటేబుల్స్ వచ్చింది. 2014 జనవరిలో విడుదలైన లినక్స్ 3.13లో దీనికి వారసునిగా ఎన్‌ఎఫ్‌టేబుల్స్ చేరింది. నేడు పలు లినక్స్ పంపిణీలలో ఐపీటేబుల్స్ ఆదేశము లోలోపల ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌నే ఉపయోగించుకుంటుంది.

పనిచేయు విధానము

నియమాలు గొలుసులుగా ఉంటాయి. కంప్యూటరుకు చేరే ప్యాకెట్లకు ఇన్‌పుట్, బయలుదేరే వాటికి అవుట్‌పుట్, దాని గుండా వెళ్ళే వాటికి ఫార్వర్డ్ అనే గొలుసులు వర్తిస్తాయి. ప్రతి ప్యాకెట్టును మొదటి నియమము నుండి వరుసగా పోల్చి చూస్తారు. అనుమతించమనో, నిరోధించమనో చెప్పే నియమము సరిపోలగానే ఆ గొలుసులో తరువాతి నియమాలను చూడరు. కనుక అన్నింటినీ నిరోధించే నియమము పైన ఉంటే, దాని క్రింద వ్రాసిన అనుమతి వ్యర్థమవుతుంది. ఏ నియమమూ తుది నిర్ణయము చెప్పనప్పుడు గొలుసు యొక్క మూల విధానము అమలవుతుంది.

లోపాలను గుర్తించుట

అనుసంధానము విఫలమైన తీరును బట్టి కారణాన్ని కొంతవరకు ఊహించవచ్చు.

* వెంటనే తిరస్కరణ వస్తే, సాధారణంగా ప్యాకెట్టు గమ్యాన్ని చేరినట్లే. ఆ పోర్టు వద్ద ఏ సర్వరూ పనిచేయకపోవడమో, ఫైర్‌వాల్‌లో రిజెక్ట్ నియమము ఉండడమో కారణము కావచ్చు. సర్వరు 127.0.0.1 చిరునామా వద్ద మాత్రమే వేచి ఉన్నా బయటివారికి అందదు. దీనిని ఎస్‌ఎస్ అనే ఆదేశముతో తెలుసుకోవచ్చు.
* ఏ సమాధానమూ రాక గడువు ముగిస్తే, డ్రాప్ నియమమునో, దారిలోని అవరోధాన్నో అనుమానించాలి.

టీసీపీడంప్ అనే ఉపకరణము లోనికి వచ్చే ప్యాకెట్లను ఇన్‌పుట్ గొలుసు కంటే ముందే చూస్తుంది. అందులో ప్యాకెట్లు కనిపించి, జవాబు వెళ్ళకపోతే లోపము ఆ కంప్యూటరులోనే వెదకాలి. అసలు కనిపించకపోతే లోపము బయట ఉన్నట్లు. ప్రతి నియమానికి ఎన్ని ప్యాకెట్లు సరిపోలాయో ఐపీటేబుల్స్ లెక్కించి చూపుతుంది. ప్రయత్నించిన ప్రతిసారీ ఏ నిరోధక నియమము లెక్క పెరుగుతుందో అదే అడ్డంకి కావచ్చు. పింగ్‌కు జవాబు రానంత మాత్రాన అనుసంధానము లేదనుకోరాదు. ఐసీఎంపీ ప్యాకెట్లను మాత్రమే నిరోధించి ఉండవచ్చు.

జాగ్రత్తలు

దూరాన ఉన్న సర్వరును ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా నిర్వహించేవారు, సాధారణంగా 22గా ఉండే దాని పోర్టును అనుమతించక ముందే ఇన్‌పుట్ మూల విధానమును డ్రాప్‌గా మార్చితే తమ దారిని తామే మూసుకుంటారు. నియమాలన్నింటినీ తుడిచివేసినా మూల విధానము మారదు. అది డ్రాప్‌గా ఉండగా అనుమతులను తుడిచివేస్తే ఫైర్‌వాల్ తెరుచుకోదు, పూర్తిగా మూసుకుపోతుంది. అప్పుడు సర్వరు కన్సోలు ద్వారానే సరిచేయవలసి ఉంటుంది. ఈ ప్రమాదాన్ని నివారించడానికి ఐపీటేబుల్స్-అప్లై ఉన్నది. నిర్వాహకుడు గడువులోగా ధ్రువీకరించకపోతే అది పాత నియమాలను పునరుద్ధరిస్తుంది. భద్రపరచని నియమాలు కంప్యూటరును తిరిగి ప్రారంభించినప్పుడు నశిస్తాయి.