గోంగూర, అనప ఎప్పుడు పూతకొస్తాయి? లెక్కంతా రాత్రి పొడవులోనే ఉంది



పెరట్లో గోంగూర వేసినవాళ్లు, చెనక్కాయ చేలో అనప సాళ్లు పెట్టినవాళ్లు ఎక్కువగా అడిగేది రెండే ప్రశ్నలు. "చెట్టు ఏపుగా ఉంది, ఇంకా పూత రాలేదే, ఏం కొట్టాలి?" అని కొందరు. "మోకాలెత్తు పెరగకముందే మొగ్గ వేసింది, ఏం తక్కువైంది?" అని ఇంకొందరు. రెండింటికీ జవాబు ఒకటే. మొక్కల్ని వీడియోలో చూపించాను. లెక్క మాత్రం ఇక్కడ రాస్తున్నా, విత్తేముందు ఒకసారి చూసుకోండి.

మొక్క వయసు కాదు, రాత్రి పొడవు

టమాట, వంగ లాంటివి నాటిన ఇన్ని రోజులకు పూస్తాయని చెప్పొచ్చు. గోంగూర, నాటు అనప, పాతకాలం కంది, చామంతి అలా కాదు. ఇవి రాత్రి పొడవు చూసి పూతకొస్తాయి. ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. చీకటి ఎంతసేపు ఉందో మొక్కకు తెలిసేది దానివల్లే. రాత్రి ఒక హద్దు దాటి పొడవయ్యాక ఆకు నుంచి చిగురుకు కబురు వెళ్తుంది. అప్పుడు చిగురు ఆకు వేయడం తగ్గించి మొగ్గ వేస్తుంది. ఇలాంటివాటిని పొట్టి పగటి మొక్కలు అంటారు.

ఈ సంగతి 1920లో లోకానికి చెప్పింది అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్. ఎండాకాలమంతా పెరుగుతూనే ఉండి పూయని ఒక పొగాకు రకాన్ని, రోజూ కొన్ని గంటలు ముందే చీకటి గదిలోకి మార్చారు. అది పూసింది. ఎరువు మార్చలేదు, మందు కొట్టలేదు. చీకటి పెంచారు, అంతే.

మన పాకాల లెక్క

మన దగ్గర జూన్ 21 ప్రాంతంలో పగలు దాదాపు 12 గంటల 55 నిమిషాలు. డిసెంబరు 21 ప్రాంతంలో దాదాపు 11 గంటల 20 నిమిషాలు. తేడా గంటన్నర పైచిలుకే. మనకు పెద్దగా తెలియదు గానీ, మొక్కకు ఆ తేడా చాలు.

గోగు జాతి గోంగూర రకాలు చాలావరకు పగలు పన్నెండున్నర గంటలకు తగ్గాక మొగ్గకు మళ్లుతాయి. మన దగ్గర అది ఆగస్టు ఆఖరు. మొగ్గ కంటికి కనబడేసరికి ఇంకొన్ని వారాలు పడుతుంది. రకాన్ని బట్టి ముందు వెనకలు ఉంటాయి. నాటు అనప ఇంకా ఆలస్యం. జూన్, జూలైలో వేసినా అక్టోబరు, నవంబరు దాకా తీగే సాగుతుంది. సంక్రాంతి ముందు ఇంటింటా పితికిపప్పు ఉండేది అందుకే. మంచు పడితేనే అనప పూస్తుందని పెద్దోళ్లు అంటారు. వాళ్లు చూసిన కాలం సరైనదే. అయితే పూతకు పిలిచేది మంచు కాదు, అప్పటికి పొడవైన రాత్రి.

పూతకొస్తోందని ఎలా తెలుసుకోవాలి?

గోంగూరలో పైఆకులు చిన్నవవుతాయి, ఆకు మొదట్లో గుండుసూది తలంత మొగ్గ కనబడుతుంది, కాండం నార పడుతుంది. ఆ తర్వాత లేత పసుపు పువ్వు, మధ్యలో ముదురు ఎరుపు. ఒక్క పూట పువ్వు, మళ్లీ వాడిపోతుంది. మొగ్గ కనబడ్డాక ఆకు కోత మీద ఆశ పెట్టుకోవద్దు.

ఏం చేయాలి?

1. ఆకు కోసం గోంగూర ఏప్రిల్ నుంచి జూలై లోపు విత్తండి. చిగుళ్లు తుంచేకొద్దీ కొమ్మలు వేస్తూ ఎక్కువ కోతలిస్తుంది.

2. సెప్టెంబరు తర్వాత వేస్తే తొందరగా మొగ్గ వేస్తుంది. అది తెగులు కాదు. ఒత్తుగా చల్లి, 25 నుంచి 30 రోజులకు వేళ్లతో సహా పీకి కట్టలు కట్టి అమ్మండి.

3. విత్తనానికి కొన్ని బలమైన మొక్కల్ని ఆగస్టు నుంచి తుంచకుండా వదలండి.

4. నాటు అనప చెనక్కాయతోపాటే వేయండి. ఆలస్యమైతే తీగ చిన్నగా ఉండగానే పూస్తుంది కాబట్టి సాళ్లు దగ్గర చేయండి.

5. ఎండాకాలంలో నాటు అనప వేసి కాయ కోసం ఎదురుచూడొద్దు. వానలకు ముందు నవధాన్యాలు చల్లే పీఎండీఎస్‌లో మాత్రం అదే దాని గొప్ప. పూత మీదికి పోకుండా ఆకే పెంచి నేలను కప్పుతుంది.

6. ఏడాది పొడవునా కాయ కావాలంటే పగటి పొడవు పట్టించుకోని రకాలు ఉన్నాయి. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల హెబ్బాళ్ అవరె 3, 4. ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క జయ్, అర్క విజయ్.

జీవామృతంతో పూత ముందుకు రాదు

జీవామృతం నేలకు బలం, మొక్కకు బలం. రాత్రి పొడవు మాత్రం అది మార్చలేదు. "పూత టానిక్" అని సీసాకు వందలు పెట్టేముందు క్యాలెండర్ చూడండి. ఆగస్టులో అనప పూయలేదంటే కొనాల్సింది ఏమీ లేదు. పూత వచ్చాక మాత్రం తేమ తగ్గనీయొద్దు. కాయతొలుచు పురుగు కనబడితే అగ్నాస్త్రం వాడండి. కొట్టేది సాయంత్రం పూటే, తేనెటీగలు తిరిగేటప్పుడు వద్దు.

ఇంకొకటి. పెరట్లో రాత్రంతా వెలిగే బల్బు కింద ఉన్న మొక్క పక్కవాటికంటే ఆలస్యంగా పూయొచ్చు, పూయకనే పోవచ్చు. బెంగళూరు వైపు చామంతి రైతులు రాత్రిపూట బల్బులు పెట్టేది ఇందుకే. పూతను ఆపి, కాడ పెరిగాక దీపాలు తీసేస్తారు.

గంజాయి గురించి ఒక మాట

గోగు శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకు చీలికలు గంజాయి ఆకును పోలి ఉంటాయని ఆ పేరు. రెండూ వేరే కుటుంబాల మొక్కలు. గంజాయి కూడా రాత్రి పొడవు చూసే పూస్తుంది కాబట్టి, పెరటి పెంపకం మీద విదేశీ వీడియోలు పిల్లల ఫోన్లలో తిరుగుతుంటాయి. కొన్ని దేశాల్లో అనుమతి ఉంది, మన దగ్గర లేదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి సాగుకు పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. పెరట్లో ఒక్క మొక్క పెంచినా సాగు కిందికే వస్తుంది. ఇంట్లో పిల్లలకు ఈ మాట చెప్పండి.

మీ ఊళ్లో అనప ఏ నెలలో మొదటి పూత చూపిస్తుందో, ఏ తేదీన విత్తారో రాసి పెట్టుకోండి. రెండేళ్లు రాస్తే చాలు, మీ నాటు విత్తనానికి మీ సొంత పట్టిక తయారవుతుంది. ఏ కంపెనీ క్యాలెండర్ దానికి సాటి రాదు.