పెంటగుమ్మాన్ని బాగుచేసిన అధిపతి

కూలిపోయిన యెరూషలేము ప్రాకారాన్ని నెహెమ్యా నాయకత్వంలో యూదులు 52 రోజుల్లో తిరిగి కట్టారు. ఎవరు ఏ భాగం కట్టారో నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయంలో పేరుపేరునా ఉంది. కొందరు తమ ఇంటి ఎదుటి భాగాన్ని తామే కట్టారు. తెకోవ ఊరి పెద్దలు మాత్రం పనికి ఒప్పుకోలేదు. మరి ఊరి చెత్త బయటికి వెళ్ళే పెంటగుమ్మాన్ని బాగుచేసిందెవరు? ఒక ప్రదేశానికి అధిపతియైన మల్కీయా!

మన కాలంలో అలాంటి పనే పాకిస్తాన్‌లోని కరాచీలో జరిగింది. ఆ నగరంలోని ఒరంగి, లక్షలాది పేదలు సొంతంగా ఇళ్ళు కట్టుకున్న బస్తీ. ఇళ్ళున్నా మురుగు కాలువల్లేవు. మురుగు సందుల్లోనే పారేది, పిల్లలు జబ్బుపడేవారు. 1943 నాటి బెంగాల్ కరువు చూసి చలించి, ఆ తర్వాత ఐసీఎస్ ఉద్యోగం వదులుకున్న అక్తర్ హమీద్ ఖాన్ 1980లో అక్కడ పని మొదలుపెట్టారు. ప్రభుత్వమే ఉచితంగా చేసిపెడుతుందని జనం ఎదురుచూస్తున్నారు. ఆయన డబ్బు పంచలేదు. ఇరవై, ముప్ఫై ఇళ్ళున్న ఒక్కో సందును ఒక్కో జట్టుగా కూర్చారు. ప్రతి జట్టూ తన పెద్దను తానే ఎన్నుకుంది, డబ్బు పోగుచేసింది, గొట్టాలు వేయించుకుంది. కొలతలు, నక్షాలు, పనిముట్లు, సలహాలు ఆయన బృందం ఇచ్చింది. కాంట్రాక్టర్ల లాభం తప్పడంతో ఖర్చు బాగా తగ్గింది. పెద్ద కాలువలు, మురుగుశుద్ధి మాత్రం ప్రభుత్వ బాధ్యతేనని ఆయన తేల్చిచెప్పారు. తర్వాతి దశాబ్దాల్లో లక్షకు పైగా ఇళ్ళకు మురుగు గొట్టాలు అమరాయి. ఆయన 1999లో కన్నుమూశాక కూడా పని ఆగలేదు. అందులో ఏళ్ళ తరబడి శ్రమించిన ఆర్కిటెక్టు పర్వీన్ రెహ్మాన్, పేదల భూమిని, నీటిని కాజేసే ముఠాల గుట్టు బయటపెట్టారు. 2013 మార్చి 13న ఆమెను కాల్చి చంపారు. పేదల సందు శుభ్రంగా ఉండాలని కోరుకోవడానికి కూడా ఒక్కోసారి ప్రాణమే వెల!

మరి మనం? గుమ్మం ముందు కాలువ పొంగితే మునిసిపాలిటీని తిట్టి తలుపు వేసుకుంటాం. మురుగు చేసేది అందరమూ, ఎత్తాల్సింది మాత్రం ఫలానా కులంవారని నమ్ముతాం. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో, మళ్ళీ 2013లో చట్టాలొచ్చినా మ్యాన్‌హోళ్ళలో పేదలు ఊపిరాడక చనిపోతూనే ఉన్నారు. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును ఆరాధించేవారికి ఈ మౌనం తగునా? ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికెళ్తూ మన సందును ఒకసారి చూద్దాం. పొరుగువారిని పిలుద్దాం. అధికారులను గట్టిగా అడుగుదాం. తెకోవ పెద్దలలా తప్పుకుంటామా, మల్కీయాలా ముందుకొస్తామా అన్నది అక్కడే తేలుతుంది!